రాయికి గేటు పెట్టిన ఏడు

చైనీస్ న్యూ ఇయర్‌కి కట్టిన ఎర్ర లాంతర్లు ఇంకా దింపనేలేదు, మా బ్లాకు వెనకాల బాటుకి గేటు పెట్టేశారు.

బాటు అంటే మలయ్ భాషలో రాయి. సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో మేముండే ఫ్లాట్ల వెనక ఒకప్పుడు గ్రానైట్ తవ్విన క్వారీ ఉంది. తవ్వకాలు ఆగిపోయి ఒక తరం దాటింది. మిగిలిందల్లా ఎనిమిది అంతస్తుల ఎత్తున నిటారుగా లేచిన రాతిగోడ, దాని కాళ్ళ దగ్గర ఒక పచ్చిక మైదానం. శనివారం సాయంత్రానికి ఆ పచ్చికలో గుడారాలు మొలిచేవి. పార్కుల శాఖ వాళ్ళు అనుమతి ఉచితంగానే ఇచ్చేవారు. రాత్రి గుడారంలో పడుకుని, పొద్దున్నే ఎండ ముదిరేలోగా నడుముకి తాళ్ళు కట్టుకుని ఆ గోడ ఎక్కేవాళ్ళు కొందరు. కింద కూర్చుని మెడలు పైకెత్తి చూసేవాళ్ళు కొందరు. నేను రెండో రకం.

నా భార్య రాజకుమారి మొదటి రకం. తనది పులివెందుల దగ్గర పల్లె. గుట్టలెక్కి సీతాఫలాలు కోసుకుంటూ పెరిగిన మనిషి. నా ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చాక డిపెండెంట్ పాస్ మీద ఇంట్లో ఉండిపోయింది. నేను పొద్దున్నే రైలెక్కి దీవి ఈ కొస నుంచి ఆ కొసకి, చాంగీ బిజినెస్ పార్కులో ఉన్న బ్యాంకు ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. మా అమ్మాయి కీర్తిక స్కూలుకి వెళ్ళేది. రాజీకి మాట్లాడటానికి నాలుగు గోడలు మిగిలేవి. ఏడాదికేడాది ఆమె గొంతు సన్నబడుతూండటం నేను వింటూనే ఉన్నాను. అలాంటిది ఒక ఆదివారం కూరగాయలకని వెళ్ళి, బాటు దగ్గర ఆగి, ఎవరో తాడు చేతికిస్తే సగం దాకా ఎక్కేసి, మోచేతులు దోక్కుపోయి ఇంటికొచ్చింది. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఆగకుండా మాట్లాడింది. చెయ్యి ఎండిపోయినా కడుక్కోవడానికి లేవలేదు.

ఆ తాడు చేతికిచ్చింది అప్పయ్య అంకుల్. డెబ్బై దాటిన మనిషి. వాళ్ళ తాతగారు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. అంకుల్ షిప్‌యార్డులో బరువులెత్తే తాళ్ళ పని చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఆదివారాలన్నీ బాటు దగ్గరే. ఎవరొచ్చి అడిగినా ఎక్కడం నేర్పేవాడు, ఊరికే. ఆయన శిష్యుల్లో ఉపేంద్ర అని సోంపేట అతను ఒకడు. వర్క్ పర్మిట్ మీద వచ్చి, పెద్ద పెద్ద బ్లాకుల బయట తాళ్ళకి వేలాడుతూ రంగులు వేసేవాడు. ఉండేది కూలీల డార్మిటరీలో.

"వారవంతా తాడు మీద యేలాడీది కంపెనీ కోసం సార్. ఆదివారం ఎక్కీది మాత్రం నాకోసం," అనేవాడు నాతో.

లాంతర్లు ఇంకా దింపని ఆ ఆదివారం మేం వెళ్ళేసరికి మైదానం చుట్టూ పచ్చరంగు కంచె, మధ్యలో ఇనప గేటు, గేటు పక్కన తళతళలాడే బోర్డు. కీర్తిక చదివి చెప్పింది. ఇకనుంచి ఈ స్థలాన్ని ఒక ప్రైవేటు కంపెనీ చూసుకుంటుంది. గుడారానికి ఒక రేటు, రాయి ఎక్కితే తలకింత, శని ఆదివారాల్లో ఇంకా ఎక్కువ. బుకింగ్ అంతా యాప్‌లోనే. కంపెనీ గుర్తించిన శిక్షకులు తప్ప మరొకరు ఇక్కడ ఎక్కడం నేర్పకూడదు.

"రాయికి టిక్కెట్టా?" అంది రాజీ, గేటు దగ్గర నిలబడ్డ గార్డుతో. తెలుగులోనే అంది. "ఈ రాయిని మీ కంపెనీవాళ్ళేమన్నా తెచ్చి నిలబెట్నారా?"

"అమ్మా, డోంట్ స్కోల్డ్ హిమ్ లా," అని కీర్తిక, ఇక్కడి పిల్లలందరిలా మాట చివర "లా" తగిలించి, చెయ్యి పట్టుకు లాగింది. "గార్డ్ అంకుల్ ఈజ్ జస్ట్ వర్కింగ్."

పాపం, గార్డుకి భాష తెలియకపోయినా తల దించుకున్నాడు.

అప్పయ్య అంకుల్ భుజాన తాడు చుట్టతో బోర్డు ముందు నిలబడ్డాడు. చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. "తాక్ ఆపా," అన్నాడు ఆఖరికి. ఫరవాలేదు అని. "పెద్దోళ్ళు ఏటో ఆలోసించే సేసుంటారు. పదండి, ఏదైనా మకాన్ సేద్దాం." మకాన్ అంటే తిండి. తాడు చుట్ట ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని వెనక్కి తిరిగాడు. ఆయన నడక చూస్తే ఫరవాలేదన్నట్టు లేదు.

నెల తిరిగేసరికి రేట్లు మళ్ళీ పెరిగాయి. మైదానంలో ఫ్యాన్లు, పరుపులు ఉన్న తెల్లటి పెద్ద గుడారాలు వెలిశాయి. ఉపేంద్ర ఒక్క ఆదివారం అక్కడ గడపాలంటే రెండు రోజుల సంపాదన పోతుంది. అతనూ, అతని స్నేహితులూ ఆదివారాలు ఎంఆర్‌టీ రైలు స్టేషన్ పక్కన మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. అప్పయ్య అంకుల్ ఇల్లు కదలడం మానేశాడు. మా ఇంట్లో భోజనాల దగ్గర మళ్ళీ చెంచాల చప్పుడు వినపడసాగింది.

నాకు తోచిన పని నేను చేశాను. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఫోను రాజీకి అందించాను.

"ఇదేంది?"

"ఏడాది పాస్. నీ పేరు మీదే తీశాను. ఇంక ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి ఎక్కొచ్చు."

"ఉపేంద్రకి?"

నేను బ్యాగు దించి కుర్చీలో పెట్టాను.

"అంకుల్‌కి? ఆయన్ను లోపలికి పోనిచ్చినా నేర్పనియ్యరు గదా." ఫోను తిరిగి నా చేతిలో పెట్టింది. "నాకు రాయి కావాలనుకున్యావా? రాళ్ళు మా ఊర్లో ఎన్ని కావాలంటే అన్ని ఉండాయి. నాకు ఆదివారం కావాల. ఆ మనుషులు కావాల."

మర్నాడు పొద్దున్న రైల్లో నిలబడే ఆ పాస్ రద్దు చేసేశాను. నేను ఆఫీసు చేరే వేళకి ఆమె అప్పయ్య అంకుల్ ఇంటి తలుపు తడుతోంది.

సింగపూర్‌లో జెండాలు పట్టుకుని రోడ్డెక్కడం కుదరదు. కుదిరే పని ఒకటుంది. వారానికొక సాయంత్రం ఆ పేట ఎంపీ ఒక బ్లాకు కింద, వాయిడ్ డెక్ అనే ఖాళీ నేలంతస్తులో కూర్చుంటారు. ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. నంబరు తీసుకుని ఎవరైనా వెళ్ళి కష్టం చెప్పుకోవచ్చు. మా పేటలో అది సోమవారం.

"ఏటని సెప్తామమ్మా?" అన్నాడట అంకుల్. "ముసలోడు రాయెక్కుతానంటన్నాడని నవ్వుతారు."

"నవ్వనీండి అంకుల్. నవ్వినాకైనా ఇంటారు గదా."

ఆయన గడ్డం గోక్కుంటూ ఆలోచించి, "బోలే," అన్నాడట. సరే అని. "ఓటు నాది, నోరు నీది. పద."

ఆ సోమవారం ఇద్దరూ వెళ్ళారు. అక్కడి వాలంటీరు ఓపిగ్గా విని అంతా టైపు చేసుకున్నాడు. రెండు వారాలకి పార్కుల శాఖ నుంచి మర్యాదగా జవాబొచ్చింది. ప్రజలకి మెరుగైన సదుపాయాల కోసమే ఈ ఏర్పాటు, మీ సూచనకి ధన్యవాదాలు.

రాజీ దిగులు పడుతుందనుకున్నాను. "ఒకరు చెప్తే సణుగుడు అనుకుంటారు," అంది పప్పులో తాలింపు వేస్తూ. "ఇంకొంతమందికి ఈ నొప్పి ఉండే ఉంటాది. ఎవరికో చూడాల."

చూడటానికి ఎంతో దూరం వెళ్ళనక్కర్లేకపోయింది. మా బ్లాకులోనే కింది అంతస్తులో లిమ్ ఆంటీ ఉండేది. ఏళ్ళ తరబడి తెల్లవారగానే ఆ పచ్చిక చుట్టూ నడిచేది. ఇప్పుడు గేటు తొమ్మిదింటికి గానీ తియ్యరు, తీసినా టిక్కెట్టు. లిఫ్టు దగ్గర ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. రాజీ ఇంగ్లీషు ఆగి ఆగి నడిచేది. లిమ్ ఆంటీది ఆగకుండా పరిగెత్తేది.

"నడిస్తే కూడా డబ్బులు కట్టాలా! అయ్యో, రేపు గాలి పీలిస్తే కూడా కట్టమంటారు లా!" అని లిమ్ ఆంటీ లిఫ్టు గోడ మీద అరచేత్తో కొట్టింది.

"మీరు ఇదే మాట సోమవారం వచ్చి చెప్తారా ఆంటీ? నా మాట వద్దు. మీ మాటే."

ఆ సోమవారం లిమ్ ఆంటీ వచ్చింది. తర్వాతి సోమవారం తనతో మాజాంగ్ ఆడే స్నేహితురాళ్ళని తీసుకొచ్చింది. ఆ పై వారం, స్కూలు పిల్లల్ని ఏటా అక్కడ క్యాంపుకి తీసుకెళ్ళే మలయ్ మాస్టారొకాయన వచ్చాడు. ఒక్కరూ గొంతు పెంచలేదు. ఒక్కరూ కాగితం ఊపలేదు. నంబరు తీసుకోవడం, కూర్చోవడం, పిలిస్తే వెళ్ళి ఎవరి సంగతి వాళ్ళు చెప్పడం. అంతే. వాలంటీరు మమ్మల్ని దూరం నుంచి చూడగానే, "బాటు?" అని తనే అడిగే దాకా వచ్చింది వ్యవహారం.

సరిగ్గా అప్పుడే చక్రధర్ మా ఇంటికి భోజనానికొచ్చాడు. తెలుగు సంఘంలో నా స్నేహితుడు, నెల్లూరు వాడు. ఆ కంపెనీలో ఆపరేషన్స్ మేనేజరు. గేటు పెట్టించింది అతనే. చెడ్డవాడు కాదు. స్వీటు డబ్బా పట్టుకునే వచ్చాడు.

"వదినా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా," అన్నాడు పెరుగన్నం కలుపుకుంటూ. "ఆ మైదానంలో టాయిలెట్లు ఎవరు కడగాలి? తాళ్ళు తగిలించడానికి రాతిలో కొట్టిన బోల్టులు తుప్పు పడితే ఎవరు మార్చాలి? రేపు ఎవరన్నా జారిపడితే జవాబు ఎవరు చెప్పాలి? అప్పయ్య గారు మంచోరే, కాదనను. మంచితనానికి ఇన్సూరెన్సు ఉండదు గదా."

రాజీ పెరుగు గిన్నె అందుకుంది. అతని కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ చక్రధర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "హరీ, మీ పీఆర్ అప్లికేషన్ నడుస్తోంది గదా. ఇలాంటి వాటిల్లో పేరు కనపడటం మంచిదో కాదో ఆలోచించుకో. బెదిరించడం కాదురా. నాకే భయమేసి చెప్తున్నా."

పీఆర్ అంటే ఈ దేశంలో స్థిరంగా ఉండిపోవడానికి ఇచ్చే అనుమతి. అంతకుముందు రెండుసార్లు అడిగి కాదనిపించుకుని, మూడోసారి పెట్టుకుని ఉన్నాం. కీర్తిక చదువు, ఈ ఫ్లాటు, నా ఉద్యోగం, అన్నీ దాని మీదే వేలాడుతున్నట్టు ఉండేది నాకు. వంటింట్లోకి వెళ్ళి రాజీతో చెప్పాను, ఇంక చాలించమని. బతిమాలుతున్నట్టే చెప్పాను.

ఆమె తడి కంచాలు తుడుస్తూనే ఉంది. "చక్రధరన్న ఒక మాట మాత్రం నిజం చెప్పినాడు."

"పీఆర్ గురించేగా?"

"కాదు. టాయిలెట్లు ఎవరు కడగాలని అడిగినాడే, అది." కంచం కింద పెట్టింది. "ఇన్నాళ్ళూ గేటు తీయమని అడుగుతాండాం. తీసినాక ఎవరు చూసుకుంటారో మనం చెప్పలా. అది చెప్పాల."

"రాజీ, నేను అన్నది..."

"ఇన్యాను. నీ భయం నాకు తెలుసు. నువ్వు రావద్దులే. నేను పోతా."

కోపంతో అనలేదు. కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ సోమవారం ఆఫీసు దగ్గరి ఎక్స్‌పో స్టేషన్ నుంచి రైల్లో నిలబడే వచ్చాను. దిగిన స్టేషన్ నుంచి మా బ్లాకుకి వెళ్ళాలంటే ఆ వాయిడ్ డెక్ మీదుగానే దారి. అటు చూడకుండా వెళ్ళిపోదామనుకున్నాను. చూశాను. పదిహేనిరవై మంది మనవాళ్ళే ఉన్నారు. రాజీ ఒక స్తంభం పక్కన కూర్చుని ఉపేంద్రకి ఏదో చెబుతోంది. ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంది. ఇక్కడ హాకర్ సెంటర్లలో తినడానికి వెళ్ళినప్పుడు చోటు ఆపడానికి అలా పెడతారు, చోప్ చేయడం అంటారు.

దగ్గరికి వెళ్ళాను. "ఇదెవరికి?"

"వచ్చేవాళ్ళకి," అంది నా వైపు చూడకుండానే.

టిష్యూ ప్యాకెట్ తీసి జేబులో పెట్టుకుని కూర్చున్నాను. నంబరు తీసుకున్నారా అని ఉపేంద్ర అడిగితే, లేచి వెళ్ళి తీసుకొచ్చాను.

నా వంతు వచ్చింది. బల్లకి అవతల వాలంటీరుతో పాటు ఎంపీ గారే కూర్చుని ఉన్నారు, నడివయసు మహిళ. "మీరు కూడా ఎక్కుతారా?" అని అడిగారు.

"లేదండీ. నాకు ఎత్తంటే భయం," అన్నాను. "మా ఇంట్లో ఒకరు ఎక్కుతారు. ఆవిడ ఎక్కి వచ్చిన రోజు మా ఇంట్లో అందరం మాట్లాడుకుంటాం."

ఆవిడ టైపు చేయమని చెప్పలేదు. కలం కింద పెట్టి నన్నే చూశారు. "వచ్చే ఆదివారం నేనే వచ్చి చూస్తాను," అన్నారు.

అన్నట్టే బూట్లు కట్టుకుని వచ్చారు. రాజీ ఆగి ఆగి నడిచే తన ఇంగ్లీషులోనే గేటు బయట నిలబడి చెప్పింది. ఈ స్థలం మాకు ఊరికే ఇమ్మనడం లేదు, చూసుకుంటాం అంటున్నాం. ఇన్సూరెన్సు బాధ్యత బ్లాకుల రెసిడెంట్స్ కమిటీ తీసుకుంటుంది. బోల్టులకి పాత క్లైంబర్లు చందాలేసుకుంటున్నారు. ఎవరు ఏ పని చేస్తారో పంచుకున్నాం.

"అంతా బాగానే ఉంది," అన్నారు ఎంపీ గారు నవ్వుతూ. "టాయిలెట్లు ఎవరు కడుగుతారు?"

"నా వంతు మంగళవారం మేడమ్," అంది రాజీ, గుక్క తిప్పుకోకుండా.

"మైన్ ఫ్రైడే," అంది వెనక నుంచి లిమ్ ఆంటీ.

ఆ తర్వాత పనులు చకచకా కదిలాయి. కంపెనీ మొదటి గడువు జూన్ నెలాఖరుకి అయిపోతుంది. ఈలోగా జూన్ స్కూలు సెలవుల్లో సగం మైదానం మాకిస్తామనీ, సరిగ్గా నడిపితే ఆలోచిస్తామనీ పార్కుల శాఖ వాళ్ళు చెప్పారు. షరతు ఒక్కటి. ఎక్కడం నేర్పేవాళ్ళు ఎవరైనా సరే పరీక్ష పాసై సర్టిఫికెట్ చూపించాలి.

"అలమక్!" అన్నాడు అప్పయ్య అంకుల్, అయ్యో అన్నట్టు. "ఈ వయసులో పరీచ్చా? సిన్నప్పుడు పరీచ్చ తప్పే కదమ్మా షిప్‌యార్డులో పడ్డాను."

మే నెలంతా మా భోజనాల బల్ల బడి అయిపోయింది. అంకుల్, ఉపేంద్ర, రాజీ ఒక వైపు, కీర్తిక ఒక వైపు. పన్నెండేళ్ళ పిల్ల ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగేది. "అంకుల్, యూ నో ది ఆన్సర్ లా, యూ జస్ట్ డోంట్ నో ది ఇంగ్లీష్!" అని అరిచేది. నేను అందరికీ ఉప్మా చేసేవాణ్ణి. అంతకుముందు నాకు ఉప్మా చేయడం రాదు. ముగ్గురూ పాసయ్యారు. అంకుల్ ఆ బ్యాడ్జీ చొక్కాకి పెట్టుకుని హాకర్ సెంటర్‌కి వెళ్ళి, కాఫీ పోసే వాడితో సహా అందరికీ చూపించి వచ్చాడు.

జూన్‌లో మైదానం మధ్యలో ఒక తాడు కట్టారు. తాడుకి అటు తెల్లటి పెద్ద గుడారాలు, ఫ్యాన్లు. ఇటు మావి, రంగురంగులవి, అతుకులవి, ఒకటి రెండు ఇంట్లో దుప్పట్లతో కట్టినవి. మా వైపు రుసుము లేదు. ఒకటే నియమం. రాత్రి పడుకున్న వాళ్ళు పొద్దున్న చీపురు పట్టాలి. డార్మిటరీల నుంచి ఉపేంద్ర స్నేహితులొచ్చారు, మాస్టారి పిల్లలొచ్చారు, బ్లాకుల్లో నుంచి ముసలమ్మలు మనవలతో వచ్చారు. రాజీ రోజుకి ఎన్నిసార్లు ఆ రాతిగోడ ఎక్కి దిగేదో, ఎంతమంది చేత ఎక్కించేదో! సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. బొంగురు గొంతుతోనే ఇంటికొచ్చి అంతా చెప్పేది.

ఆ సెలవుల్లో ఒక తెల్లవారుజామున సుమత్రా వైపు నుంచి గాలివాన విరుచుకుపడింది. ఈ దీవిలో అలాంటివి చెప్పి రావు. తెల్ల గుడారాలు ఓడ తెరచాపల్లా ఉబ్బి, మేకులు ఊడబెరుక్కుని లేచాయి. మా వైపు చిన్నవి, నేలకి కరుచుకుని ఉన్నాయి. ఒకటి రెండు కూలాయి, అంతే. అటు వైపు కుటుంబాల వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వానలో నిలబడిపోయారు. "ఇటు రాండి, ఇటు!" అని రాజీ ఎవరి భాషా చూసుకోకుండా కేకేసింది. ఉపేంద్ర వాళ్ళు మధ్యలో తాడు విప్పేశారు. అందర్నీ మైదానం అంచున ఉన్న రేకుల షెడ్డు కిందికి తెచ్చారు. లిమ్ ఆంటీ పెద్ద గిన్నెడు మైలో కాచింది. నేను ఉప్మా కలిపాను, జీవితంలో అంత పెద్ద గిన్నెలో మొదటిసారి.

వాన తగ్గేసరికి చక్రధర్ టాక్సీలో వచ్చాడు. కంపెనీ మనుషులెవరూ ఇంకా చేరలేదు. విరిగిన కొమ్మలు, ఆకులు, బురదలో పడ్డ తెల్లగుడ్డలు చూసి కాసేపు నిలబడ్డాడు. ప్యాంటు మడిచి, ఒక చీపురు తీసుకున్నాడు.

ముందే అనుకున్న తనిఖీకి పార్కుల శాఖ ఆఫీసరమ్మ ఎనిమిదింటికి వచ్చింది. అప్పటికి రెండు వైపుల వాళ్ళూ కలిసిపోయి మైదానమంతా ఊడుస్తున్నారు. ఎవరు ఎటు వైపు వాళ్ళో చెప్పడం కష్టం. ఆమె చక్రధర్‌ని గుర్తుపట్టి దగ్గరికి వెళ్ళింది. "బాగా చేశారు. వీళ్ళలో మీ స్టాఫ్ ఎవరు?" అని అడిగింది.

చక్రధర్ చీపురు ఆపాడు. ఒక్క మాట చాలు అతనికి, ఆ పొద్దుటి మెప్పంతా కంపెనీ ఖాతాలో పడిపోయేది. రాజీ వైపు ఒకసారి చూశాడు.

"ఒక్కరూ కాదండీ," అన్నాడు. "అంతా వీళ్ళ మనుషులే. ఈ పూటకి నేను కూడా."

జూలై మొదటి ఆదివారం నాటికి కంచె లేదు, గేటు లేదు. బాటు బ్లాకుల వాళ్ళ చేతికొచ్చింది. నిర్వహణ మాది, రుసుము సున్నా. పీఆర్ సంగతంటారా, అది మరుసటి ఏడు వచ్చింది. దానికీ మా సోమవారాలకీ ఏ సంబంధమూ లేదని అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం రాతిగోడకి ఎడమ పక్కన, అంతవరకూ ఎవరూ ఎక్కని చోట, ఒక కొత్త దారి సిద్ధమైంది. శాఖ అనుమతితో ఉపేంద్ర, అంకుల్ కలిసి కొత్త బోల్టులు కొట్టారు. క్లైంబర్లలో ఒక ఆచారం ఉంది. కొత్త దారిని ఎవరు మొదట చివరికంటా ఎక్కితే, దానికి వాళ్ళే పేరు పెట్టాలి. ఎవరు ఎక్కాలో ఎవరూ చర్చించలేదు. అంకుల్ తాడు కొస తీసుకెళ్ళి రాజీ చేతిలో పెట్టాడు.

మైదానం నిండా జనం. ఆమె మెల్లగా ఎక్కింది. సగం మీద ఒక చోట రాయి నున్నగా, పట్టు లేకుండా ఉంది. అక్కడ రెండుసార్లు కాలు జారింది. రెండుసార్లూ తాడు బిగిసి ఆపింది, కింద నుంచి ఉపేంద్ర పట్టుకున్న తాడు. "తొందర లేదక్కా! సూసుకుని ఎయ్యి!" అని కేకేశాడు. కీర్తిక నా చొక్కా గుప్పిట్లో పట్టుకుంది. మూడోసారి రాజీ ఎడం చెయ్యి పక్కకి చాచి, సన్నటి నెర్రెలో వేళ్ళు దూర్చి, ఒక్క ఊపున పైకి లేచింది. ఆ తర్వాత ఇంక ఆగలేదు. చిట్టచివరి బోల్టుకి తాడు తగిలించి, అంచు మీద చెయ్యి వేసి, పైకెక్కి నిలబడింది. వెనకంతా ఆకాశం.

కింద ఎవరి భాషలో వాళ్ళు అరిచారు. అప్పయ్య అంకుల్ బ్యాడ్జీ ఉన్న చొక్కాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను నా గొంతు నాకే వినపడకుండా అరిచాను.

"పేరు! పేరు!" అని పిల్లలు మొదలెట్టారు.

రాజీ రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది. పొద్దుటి ఎండలో ఆమె గొంతు బ్లాకుల గోడలకి తగిలి మోగింది.

"లిమ్ ఆంటీ!"

లిమ్ ఆంటీ చేతిలో మైలో కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయింది. అర్థమయ్యాక కప్పు పక్కవాళ్ళకిచ్చి, నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"అయ్యో! అంటే ఇకనుంచి అందరూ నా నెత్తి మీద ఎక్కుతారా లా!"

మైదానం మైదానమంతా నవ్వింది. ఆ నవ్వులోనే కీర్తిక నా చొక్కా వదిలేసి, హెల్మెట్ పెట్టుకుంటూ గోడ దగ్గరికి పరిగెత్తింది.